ఒక మెట్టు చల్లగా

నిన్నటి ఒరియా పేపరు పరిచి
నాలుగు ప్లగ్గుల్నీ వరసగా పడుకోబెట్టాను,
ఏది ఏ సిలిండరుదో సుద్దముక్కతో అంకె వేసి.

ఒకటోది కాఫీ రంగు. రెండోదీ అంతే.
నాలుగోది కాస్త ముదురు, ఫరవాలేదు.
మూడోది మాత్రం
సున్నం కొట్టిన గోడలా తెల్లగా,
పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు.

పళ్ళ డాక్టరమ్మ ఇతిశ్రీ పాణిగ్రాహి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి వంగి చూసింది.
"ఎనామెల్ పోయింది కదా?"
జబ్బుమనుషుల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది.

కారు పైకి సాదాసీదా, బూడిద రంగు.
లోపల టర్బో.
విశాఖలో ఎవరో కుర్రాడు లాప్‌టాప్ తగిలించి
దాని బుద్ధి మార్చాడట. ముప్పై గుర్రాలు పెరిగాయట.
గుర్రాలు పెంచినవాడు కళ్ళేలు ముట్టుకోలేదు.
కంపెనీ ప్లగ్గులే, కంపెనీ వదిలిన సందే.

నేను సాలూరులో లారీల కింద పెరిగినవాణ్ణి.
మా మేస్త్రి కోరాడ అప్పన్నకి పెట్రోలంటే చులకన.
"డీజిలుకి గాలి నొక్కితే సాలు, దానంతటదే మండుద్ది.
ఇదేటిరా, పెతీసారీ నిప్పడుక్కునే ఇంజను!"
ఘాటెక్కి జయపురం వచ్చి షెడ్డు పెట్టాక గానీ
అడుక్కోవడంలో ఎంత లెక్కుందో నాకు తెలిసిరాలేదు.

"ఇరీడియం వెయ్యి" అంది. "ఖరీదైనా పర్లేదు."
అందరూ ముందు అదే అంటారు.
ఖరీదు మొన దగ్గరుందమ్మా, మన గొడవ ఒంట్లో ఉంది.
పొడుగు ముక్కు ప్లగ్గు వేడిని దాచుకుంటుంది,
పొట్టి ముక్కుది దులిపేసుకుంటుంది.
వారానికెన్నిసార్లు కొరాపుట్ ఘాటెక్కుతారు?

"ప్రతి ఆదివారం."

మీటరు చూశాను. టైర్ల అంచులు చూశాను.
అంచుల మీద కంపెనీ వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి.
నేనేమీ అనలేదు.
గోబిందో టీ తెచ్చి పెట్టాడు.
సగం తాగాక తనే అంది,
"నెలకొకసారి. పేషెంట్లు లేకపోతే."

మిగతా రోజులు ఇంటి నుంచి క్లినిక్కుకి,
రెండో గేరు, ఆవులు, ఆటోలు, గురువారం సంత.
మరీ చల్లటిదేస్తే బజార్లోనే మసి పడుతుంది.
ఉన్నదే ఉంచితే కొండ మీద మొన కరుగుతుంది.

ఒక మెట్టు చల్లగా, అన్నాను.
మామూలు నికెల్. సందు సున్నా పాయింట్ ఏడు.
ఏడాదికోసారి మార్చుకుందాం.

డబ్బాలన్నీ తిరగేస్తే షాపులో మూడే ఉన్నాయి.
మూడు కొత్తవి, ఒకటి పాతది వేస్తే ఎలా ఉంటుందని
గోబిందో అడిగాడు. ఆమె నవ్వి,
"నాలుగు పళ్ళు పుచ్చితే మూడే కడతానా నేను?"

నాలుగోది మర్నాడు విజయనగరం బస్సులో,
డ్రైవరు చొక్కా జేబులో,
బీడీకట్ట పక్కన పడుకుని వచ్చింది.

ఫీలరు రేకు పెట్టి లాగాను.
జడలోంచి పిన్ను జారినంత పట్టు ఉండాలి, అంతే.
ఇంజను చల్లారేదాకా ఆగి
చేత్తోనే తిప్పాను మర మొదటి నుంచీ,
వాషరు నలిగే మెత్తదనం మణికట్టుకి తెలిసేదాకా.

నలభై రోజులయ్యాక మళ్ళీ వచ్చింది.
పొద్దున్నే కాస్త దగ్గుతోందట.
ఒకటి విప్పి చూపించాను. కాటుక పెట్టినట్టు మసి.
ఆమె దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి,
"రోజూ రెండు పూటలా తోముకుంటామంటారు జనం.
నోరు తెరవమంటాను" అని ఆగింది.
చెవులు ఎర్రబడ్డాయి.

మసి తుడవలేదు నేను. అలాగే బిగించి తాళాలిచ్చాను.
ఒకసారి పైకెళ్ళి రండి, దానంతటదే కాలిపోతుంది.
డబ్బులు దిగొచ్చాక.

సాయంత్రం ఆరు. షెడ్డులో రేడియో ఆపించాను.
మొదటి మలుపు దగ్గర ఒక దగ్గు.
రెండో మలుపు దగ్గర ఇంకొకటి, చిన్నది.
ఆ తర్వాత లారీ ఏదో అడ్డొచ్చింది,
సరిగ్గా వినపడలేదు.